ఏఐ ఏజెంట్ చేతికి కోడ్ సెర్చ్ టూల్ ఇస్తున్నారా? ముందు దాని డాక్స్‌కి ఈ 6 పరీక్షలు పెట్టండి

ఫోన్ రివ్యూల్లో మనం ఎప్పుడూ చెప్పుకునే మాట ఒకటుంది. బాక్స్ ముందు పెద్ద అక్షరాల్లో ఉన్నది కాదు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి అని. ఐపీ68 అని ముందు మెరుస్తూ ఉంటుంది. అది ల్యాబ్‌లో, మంచినీళ్లలో, కంపెనీ చెప్పిన లోతు వరకే అన్న సంగతి మాత్రం కింద స్టార్ గుర్తు పక్కన ఉంటుంది. ఆ స్టార్ గుర్తు చదవనివాడు ఫోన్‌తో సముద్రంలో దిగుతాడు.

ఈసారి అదే అలవాటుని ఫోన్ మీద కాకుండా కోడ్ సెర్చ్ టూల్స్ మీద వాడి చూద్దాం. ఎందుకంటే ఇప్పుడు ఆ టూల్స్ వాడేది మనం కాదు, మన తరఫున ఏఐ ఏజెంట్లు. వాటికి స్టార్ గుర్తు కనిపించకపోతే నేరుగా సముద్రమే.

మా ఊరు రెండుసార్లు ఎందుకు వచ్చింది?

నాది శంకర్‌పల్లి. బాబాయ్ వాళ్లబ్బాయితో కలిసి ఒక చిన్న ఆండ్రాయిడ్ యాప్ నడుపుతున్నాను. ఇక్కడి నుంచి సిటీ వైపు వెళ్లే బస్సుల, రైళ్ల టైమింగ్స్ తెలుగులో చూపిస్తుంది, అంతే. వాడేది మా ఇంట్లోవాళ్లు, చుట్టుపక్కల కొందరు.

ఒకరోజు ఏజెంట్‌కి చిన్న పని చెప్పాను. శంకర్‌పల్లి స్టాప్ కింద మొదటి బస్ టైమ్ మార్చమని. అది సెర్చ్ టూల్‌ని పిలిచింది, ఊరి పేరు వెతికింది, సున్నా ఫలితాలు వచ్చాయి. ‘ఈ స్టాప్ ప్రాజెక్ట్‌లో లేదు, కొత్తగా యాడ్ చేస్తున్నాను’ అని చెప్పి, చక్కగా కొత్త ఎంట్రీ రాసి, టెస్టులు కూడా పాస్ చేయించింది. నేను కూడా తేడా పెద్దగా చూడకుండా మెర్జ్ చేసేశాను. తప్పు నాదే.

సాయంత్రం అమ్మ ఫోన్ పట్టుకొచ్చింది. ‘గిదేంది బిడ్డా, మన ఊరు రెండుసార్లు వచ్చింది? ఒకదాంట్ల ఒక టైమ్, ఇంకోదాంట్ల ఇంకో టైమ్ ఉన్నది.’

చూస్తే ఒకటి శంకర్‌పల్లి, ఇంకొకటి శంకర్పల్లి. మనిషి కంటికి రెండూ ఒకటే ఊరు. కంప్యూటర్‌కి కాదు. మొదటిదాంట్లో ‘ర్’ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, యూనికోడ్ నంబర్ 200సి. ‘ర్’ని, ‘ప’ని కలిపి ఒత్తుగా మార్చొద్దు అని చెప్పే గుర్తు అది. మేము ఫైల్లో దానితో రాశాం. ఏజెంట్ అది లేకుండా వెతికింది. టూల్ ‘లేదు’ అంది. టూల్ చెప్పింది అబద్ధం కాదు, ఆ బైట్లు నిజంగానే అక్కడ లేవు.

అప్పుడు ఆ టూల్ డాక్స్ తెరిచాను. పేరు చెప్పను, ఇలాంటివి చాలా ఉన్నాయి. పేజీ నిండా ‘ఫాస్ట్’, ‘స్మార్ట్’, ‘ఏజెంట్ల కోసమే తయారైంది’. అక్షరాలను యథాతథంగా పోలుస్తుందా, కొంచెం సర్ది పోలుస్తుందా అన్న ఒక్క వాక్యం లేదు. ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే ఏజెంట్ ఇంకో స్పెల్లింగ్‌తో మళ్లీ వెతికి ఉండేదేమో. అప్పటి నుంచి కొత్త సెర్చ్ టూల్ ఏది కనిపించినా ముందు స్పీడ్ చూడటం మానేసి డాక్స్‌ని పరీక్షిస్తున్నాను.

ఏజెంట్ డాక్స్‌ని మనలా చదవదు

మనం టూల్ నేర్చుకునేటప్పుడు రీడ్‌మీ చూస్తాం, అర్థం కాకపోతే వీడియో చూస్తాం, ఆఫీసులో అన్నని అడుగుతాం. సున్నా ఫలితాలు వస్తే ‘ఇదేంటి, నిన్న ఇక్కడే చూశాను కదా’ అని అనుమానపడతాం. ఆ అనుమానమే మన అసలు డాక్యుమెంటేషన్.

ఏజెంట్‌కి నిన్న లేదు. దానికి ఉన్నది టూల్ గురించి ఇచ్చిన కొద్ది వాక్యాలే. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఎంసీపీ పద్ధతిలో ఒక టూల్ తన గురించి చెప్పుకునేవి ముఖ్యంగా మూడు: పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్లు ఇవ్వాలో చెప్పే స్కీమా. చాలాసార్లు ఏజెంట్ చదివే ‘మాన్యువల్’ మొత్తం అంతే. అందమైన వెబ్‌సైట్, స్క్రీన్‌షాట్లు, యానిమేషన్లు దాని దాకా రావు. పైగా చదివే ప్రతి పదం దాని కాంటెక్స్ట్ విండోలో చోటు తింటుంది. కాబట్టి పొడుగు డాక్స్ అంటే మంచి డాక్స్ కాదు. సరైన నాలుగు వాక్యాలు ఉన్నాయా అన్నదే ప్రశ్న.

నా దృష్టిలో ఆ నాలుగు వాక్యాలు టూల్ ఏం చేస్తుందో చెప్పేవి కావు. అది దాని పేరులోనే ఉంది. టూల్ ఏం చూడదో చెప్పేవి. డాక్స్ చదివిన తర్వాత, టూల్ రన్ చేయకముందే, ‘ఇది దీన్ని పట్టుకుంటుంది, దాన్ని వదిలేస్తుంది’ అని మనం జోస్యం చెప్పగలగాలి. జోస్యం నిజమైతే డాక్స్ బాగున్నట్టు. ఇంతే కొలమానం.

ముందు రకాలు తెలుసుకుందాం

అన్ని సెర్చ్ టూల్స్ ఒకలా గుడ్డివి కావు. ఒక్కో రకానికి ఒక్కో చోట చూపు ఆనదు.

మొదటిది, ఫైళ్లను అప్పటికప్పుడు చదివి వెతికేవి. కెన్ థాంప్సన్ రాసిన గ్రెప్ 1973లో యూనిక్స్‌లోకి వచ్చింది. ఆండ్రూ గాలంట్ రస్ట్ భాషలో రాసిన రిప్‌గ్రెప్ 2016లో వచ్చింది. వీఎస్ కోడ్‌లో ప్రాజెక్ట్ మొత్తం వెతికినప్పుడు వెనక నడిచేది రిప్‌గ్రెప్పే. కొన్ని ఏఐ ఏజెంట్లు కూడా దాన్నే వాడతాయి. వీటి డాక్స్‌ని అడగాల్సింది: ఏ ఫైళ్లను వదిలేస్తావు?

రెండోది, ముందే ఇండెక్స్ కట్టుకుని వెతికేవి. 2006లో వచ్చి 2012 జనవరిలో మూతపడిన గూగుల్ కోడ్ సెర్చ్ ఈ రకమే. మూడేసి అక్షరాల ముక్కలతో ఇండెక్స్ కట్టే ఆ పద్ధతిని రస్ కాక్స్ 2012లో వివరంగా రాశాడు. ఈరోజు జోక్ట్ లాంటివి అదే దారిలో నడుస్తున్నాయి. వీటిని అడగాల్సింది: నీ ఇండెక్స్ ఎప్పటిది, ఏ బ్రాంచ్‌ది, ఎంత పెద్ద ఫైల్ వరకు?

మూడోది, కోడ్ నిర్మాణాన్ని అర్థం చేసుకుని వెతికేవి. ట్రీ-సిట్టర్ మీద కట్టిన ఏఎస్‌టీ-గ్రెప్ లాంటివి. అడగాల్సింది: ఏ భాషలు తెలుసు, కోడ్‌లో సింటాక్స్ తప్పు ఉంటే ఏం చేస్తావు?

నాలుగోది, ఎంబెడింగ్స్‌తో ‘అర్థాన్ని బట్టి’ వెతికేవి. వీటి సమస్య రివర్స్. ఇవి దగ్గరగా ఉన్న వాటిని తెచ్చే రకం కాబట్టి, కటాఫ్ స్కోర్ పెట్టకపోతే ‘లేదు’ అన్న మాటే రాదు. మీరు వెతికింది ప్రాజెక్ట్‌లో లేకపోయినా ఏదో ఒకటి పైకి వస్తుంది. అడగాల్సింది: ఎంత స్కోర్ కంటే తక్కువైతే ‘దొరకలేదు’ అని ఒప్పుకుంటావు?

ఇక పరీక్షలు. ఒక సాయంత్రం చాలు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

పరీక్ష 1: ఏడు ఉచ్చుల ఫోల్డర్

ఒక ఖాళీ ఫోల్డర్ తీసుకోండి. అందులో గిట్ ఇనిట్ చేయండి. ఇది మర్చిపోవద్దు, గిట్ రిపో కాకపోతే రిప్‌గ్రెప్ మామూలుగా గిట్‌ఇగ్నోర్ ఫైల్‌ని పట్టించుకోదు. తర్వాత ఎక్కడా ఉండని ఒక మాట ఎంచుకోండి, ఉదాహరణకు ‘జామకాయ77’. దాన్ని ఏడు ఫైళ్లలో పెట్టండి:

1. మామూలు టెక్స్ట్ ఫైల్
2. గిట్‌ఇగ్నోర్‌లో పేరున్న ఫైల్
3. పేరు చుక్కతో మొదలయ్యే హిడెన్ ఫైల్
4. మొదటి లైన్లోనే నల్ బైట్ ఉన్న ఫైల్, మాట మాత్రం రెండో లైన్లో
5. బైట్ ఆర్డర్ మార్క్‌తో యూటీఎఫ్-16లో సేవ్ చేసిన ఫైల్
6. ఫోల్డర్ బయట ఉండి, సింబాలిక్ లింక్ ద్వారా మాత్రమే చేరగలిగే ఫైల్
7. కొన్ని ఎంబీల పెద్ద టెక్స్ట్ ఫైల్

ఇప్పుడు టూల్ డాక్స్ చదివి, ఏవి దొరుకుతాయో కాగితం మీద రాయండి. ఆ తర్వాతే రన్ చేయండి.

రిప్‌గ్రెప్‌ని ఏ ఫ్లాగ్ లేకుండా రన్ చేస్తే 1, 5, 7 దొరుకుతాయి. లినక్స్‌లో గ్నూ గ్రెప్‌ని చిన్న ‘ఆర్’ ఫ్లాగ్‌తో ఫోల్డర్ మీద రన్ చేస్తే 1, 2, 3, 7 దొరుకుతాయి, 4కి ‘బైనరీ ఫైల్ మ్యాచ్ అయింది’ అన్న ఒక్క ముక్క మాత్రం చెప్తుంది. అంటే ఒకదానికి మూడు, ఇంకోదానికి ఐదు. అందులోనూ ఉమ్మడిగా ఉన్నవి రెండే.

రెండింట్లో ఏది తప్పు? ఏదీ కాదు. రెండూ తమ డాక్స్‌లో రాసినట్టే నడిచాయి. గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నవి, హిడెన్‌వి, బైనరీవి వదిలేస్తానని రిప్‌గ్రెప్ గైడ్ మొదట్లోనే చెప్తుంది. ‘యు’ ఫ్లాగ్ ఒకసారి ఇస్తే ఇగ్నోర్ రూల్స్ పోతాయి, రెండుసార్లు ఇస్తే హిడెన్ ఫైళ్లు కూడా చూస్తుంది, మూడుసార్లు ఇస్తే బైనరీ కూడా. సింబాలిక్ లింకులకు మాత్రం ‘ఫాలో’ ఫ్లాగ్ విడిగా కావాలి. పైగా ‘ఫైల్స్’ ఫ్లాగ్ ఇస్తే అసలు ఏ ఫైళ్లను చూడబోతోందో లిస్ట్ ఇస్తుంది, ‘డీబగ్’ ఇస్తే ఏది ఎందుకు వదిలేసిందో చెప్తుంది.

ఇండెక్స్ టూల్స్‌కి కూడా ఇదే. గిట్‌హబ్ రెస్ట్ ఏపీఐ కోడ్ సెర్చ్ డాక్స్‌లో డీఫాల్ట్ బ్రాంచ్ మాత్రమే చూస్తుందని, 384 కేబీ కంటే చిన్న ఫైళ్లనే వెతుకుతుందని నేరుగా రాసి ఉంటుంది. అది చదివిన ఏజెంట్ ఫీచర్ బ్రాంచ్‌లోని కోడ్ కోసం అక్కడ వెతకదు. ఒక్క వాక్యం, అంత లాభం.

పరీక్ష 2: ఖాళీ అంటే ఏంటి?

సెర్చ్ ఖాళీగా రావడానికి కనీసం మూడు కారణాలుంటాయి. నిజంగా లేదు. చూడనే లేదు. చూస్తుంటే మధ్యలో ఏదో ఆగిపోయింది. ఈ మూడింటినీ టూల్ వేర్వేరుగా చెప్తుందా? చెప్తే, ఆ సంగతి డాక్స్‌లో ఉందా?

పాత టూల్స్ ఇక్కడ చాలా పద్ధతిగా ఉంటాయి. గ్రెప్‌లో, రిప్‌గ్రెప్‌లో ఎగ్జిట్ కోడ్ 0 అంటే దొరికింది, 1 అంటే దొరకలేదు, 2 అంటే ఎర్రర్. పర్మిషన్ లేక ఒక్క ఫైల్ తెరవలేకపోయినా 2 రావచ్చని రిప్‌గ్రెప్ మాన్యువల్ చెప్తుంది. గిట్‌హబ్ సెర్చ్ ఏపీఐలో ‘ఇన్‌కంప్లీట్ రిజల్ట్స్’ అని ఒక ఫీల్డ్ ఉంటుంది, టైమ్ అయిపోయి మధ్యలో ఆపేస్తే అది ట్రూ అవుతుంది. ఎంసీపీలో కూడా టూల్ ఫెయిలైతే ఫలితంలో ‘ఈజ్ ఎర్రర్’ని ట్రూ పెట్టే పద్ధతి ఉంది.

పరీక్ష ఇలా చేయండి. ఒక ఫోల్డర్‌కి చదివే పర్మిషన్ తీసేసి వెతకండి. తప్పు రెజెక్స్ ఇవ్వండి, బ్రాకెట్ తెరిచి మూయకుండా. వెయ్యి చోట్ల ఉన్న మాట వెతకండి. మూడు సందర్భాల్లోనూ ఏజెంట్‌కి ఏం వస్తుందో డాక్స్ ముందే చెప్పిందా? ముఖ్యంగా మూడోది. ‘మొదటి 50 మాత్రమే ఇచ్చాను, ఇంకా ఉన్నాయి’ అని చెప్పకుండా 50 ఇచ్చి ఊరుకునే టూల్, ఖాళీ ఇచ్చే టూల్ కంటే ప్రమాదం. ఫంక్షన్ పేరు మార్చమంటే ఏజెంట్ ఆ 50 చోట్ల మార్చి ‘అయిపోయింది’ అంటుంది.

పరీక్ష 3: టెర్మినల్‌లో ఒకలా, ఏజెంట్‌కి ఒకలా

చాలామందికి తెలియనిది ఇది. రిప్‌గ్రెప్‌ని మీరు టెర్మినల్‌లో రన్ చేస్తే రంగులు, ఫైల్ పేరు హెడ్డింగ్, లైన్ నంబర్లు వస్తాయి. అదే అవుట్‌పుట్‌ని ఇంకో ప్రోగ్రామ్‌కి పంపితే లైన్ నంబర్లు మామూలుగా రావు, ‘ఎన్’ ఫ్లాగ్ అడిగి ఇవ్వాలి. ఏజెంట్ ఎప్పుడూ ఆ ‘ఇంకో ప్రోగ్రామ్’ సీట్లోనే కూర్చుంటుంది. డాక్స్‌లోని ఉదాహరణలు మాత్రం టెర్మినల్ ముందు కూర్చున్న మనిషి చూసినవి.

ఇన్‌పుట్ వైపు కూడా అంతే. ఏ పాత్ ఇవ్వకుండా పిలిస్తే, స్టాండర్డ్ ఇన్‌పుట్‌కి పైప్ తగిలి ఉంటే, ఫైళ్లకు బదులు ఆ పైప్‌ని చదవడానికి కూర్చోవచ్చు. మనిషి ‘హ్యాంగ్ అయింది’ అని కంట్రోల్-సి కొడతాడు. ఏజెంట్ టైమ్ అయ్యేదాకా చూసి, ‘ఫలితం రాలేదు’ అని రాసుకుంటుంది.

కాబట్టి డాక్స్‌లోని ప్రతి ఉదాహరణని రెండుసార్లు రన్ చేయండి. ఒకసారి టెర్మినల్‌లో, ఒకసారి చిన్న పైథాన్ స్క్రిప్ట్ నుంచి. తేడా ఉంటే, ఆ తేడా గురించి డాక్స్‌లో మాట ఉందో లేదో చూడండి.

పరీక్ష 4: యూనిట్ ఏంటి?

బ్యాటరీని ఎంఏహెచ్‌లో చెప్పి, ఛార్జర్‌ని వాట్లలో చెప్పి, మధ్యలో మనల్ని లెక్కలు వేయమంటారు చూడండి, అలాంటిదే ఇది. టూల్ ‘కాలమ్ 34’ అంటే 34 ఏంటి? బైట్లా, అక్షరాలా? లెక్క సున్నా నుంచా, ఒకటి నుంచా?

మా ఊరి పేరుతోనే చూద్దాం. శంకర్‌పల్లి అనే మాటలో శ, సున్న, క, ర, పొల్లు, ఆ కనిపించని గుర్తు, ప, ల, పొల్లు, ల, గుడి. మొత్తం 11 యూనికోడ్ కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి 3 బైట్లు, అంటే 33 బైట్లు. లైన్ మొదట్లో ఈ పేరు ఉండి, వెంటనే ఇంకో మాట ఉందనుకోండి. ఆ మాట కాలమ్ ఎంత అని రిప్‌గ్రెప్‌ని అడిగితే 34 అంటుంది, ఎందుకంటే అది బైట్లను ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఎడిటర్లు వాడే లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని అడిగితే 11 అంటుంది, ఎందుకంటే అది మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లను సున్నా నుంచి లెక్కపెడుతుంది.

ఒకదాని జవాబుని ఇంకోదానికి ఇచ్చే ఏజెంట్ ఒకటి తీసేసి 33 అనుకుంటే, లైన్లో ఎక్కడో 22 స్థానాల అవతల పడుతుంది. ఇంగ్లిష్ కోడ్‌లో ఒకటి తీసేస్తే లెక్క సరిపోయేది. తెలుగు ఉన్న లైన్లోనే బండి పట్టాలు తప్పుతుంది.

ఇక్కడ రిప్‌గ్రెప్ డాక్స్‌కి నేను ఫుల్ మార్కులు ఇస్తాను. కాలమ్ ఫ్లాగ్ దగ్గర, ఇది యూనికోడ్‌ని లెక్కలోకి తీసుకోదు, ఒక బైట్ అంటే ఒక కాలమ్ అని ముందే ఒప్పుకుంటుంది. లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ కూడా తన యూనిట్ ఏంటో స్పష్టంగా రాసింది, 3.17 వెర్షన్ నుంచి ఆ యూనిట్‌ని రెండువైపులా మాట్లాడుకుని మార్చుకునే వీలు కూడా ఇచ్చింది. ఫీచర్ లేకపోవడం తప్పు కాదు. లేదని చెప్పకపోవడం తప్పు.

పరీక్ష 5: తెలుగు పరీక్ష

ఇంగ్లిష్ రివ్యూల్లో ఇది కనిపించడం కష్టం, కాబట్టి మనమే చేసుకోవాలి. మూడు ప్రశ్నలు.

మొదటిది, కనిపించని గుర్తు. శంకర్‌పల్లి, పటాన్‌చెరు, మహబూబ్‌నగర్ లాంటి పేర్లని గుర్తుతో ఒకసారి, గుర్తు లేకుండా ఒకసారి ఫైల్లో పెట్టి వెతకండి.

రెండోది, ఇంకా మోసకారి. హైదరాబాద్‌లోని ‘ఐత్వం’ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. 0సి48 అనే ఒకే కోడ్‌తో, లేదా 0సి46, 0సి56 అనే రెండు కోడ్‌లు పక్కపక్కన పెట్టి. స్క్రీన్ మీద రెండూ ఒకలాగే ఉండాలి, యూనికోడ్ లెక్కలో రెండూ సమానం. కానీ బైట్లు వేరు. టూల్ నార్మలైజ్ చేయకపోతే ఒకటి వెతికితే ఇంకోటి దొరకదు. రిప్‌గ్రెప్ కూడా చేయదు. ఆ సంగతి అది వాడే రస్ట్ రెజెక్స్ లైబ్రరీ యూనికోడ్ పేజీలో ఉంటుంది, అంటే ఏజెంట్ ఒక తలుపు దాటి లోపలికి వెళ్లి చదవాలి. ఇక్కడ సగం మార్కులే ఇస్తాను.

మూడోది, ‘వర్డ్’ అంటే ఏంటి. రెజెక్స్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అంటే పదంలోని అక్షరం. ‘తెలుగు’ అన్న మాట మీద దాన్ని ప్లస్ గుర్తు చేర్చి వాడండి. రస్ట్ రెజెక్స్ మొత్తం మాటని ఒకటిగా పట్టుకుంటుంది. పైథాన్‌లో మామూలు ఆర్‌ఈ మాడ్యూల్ గుణింతపు గుర్తులని పదంలో భాగం అనుకోదు, కాబట్టి త, ల, గ అని మూడు ముక్కలు చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్‌కే పరిమితం, కాబట్టి ఏమీ పట్టుకోదు. ఒకే ప్యాటర్న్, మూడు జవాబులు. కాబట్టి ‘రెజెక్స్ సపోర్ట్ ఉంది’ అని మాత్రమే రాసిన డాక్స్‌కి సున్నా. ఏ రెజెక్స్ ఇంజిన్ అన్నది రాస్తేనే మార్కులు.

ఇంగ్లిష్‌లో కూడా మనకి ఈ గొడవ ఉంది. మా ఊరి పేరు చివర ఒక బోర్డు మీద ‘ఐ’ ఉంటుంది, ఇంకో బోర్డు మీద ‘వై’ ఉంటుంది. కోడ్‌లోనూ అంతే. దానికి ఏ టూల్‌నీ తిట్టలేం. అర్థాన్ని బట్టి వెతికే టూల్ ఇలాంటి చోట నిజంగా పనికొస్తుంది.

పరీక్ష 6: డాక్స్ మాత్రమే ఇచ్చి ఏజెంట్‌ని కూర్చోబెట్టండి

చివరిది అసలు పరీక్ష. పై ప్రశ్నలన్నీ ఏజెంట్‌కి ఇవ్వండి. టూల్ రన్ చేయనివ్వకండి, డాక్స్ మాత్రం ఇచ్చి ఏది దొరుకుతుందో జోస్యం చెప్పమనండి. తర్వాత డాక్స్ లేకుండా కొత్త సెషన్‌లో అవే ప్రశ్నలు అడగండి. రెండింటికీ తేడా ఎంత ఉంటే డాక్స్ అంత పని చేసినట్టు.

ఇక్కడ ఒక ట్విస్ట్ ఉంది. గ్రెప్, రిప్‌గ్రెప్ లాంటి పాపులర్ టూల్స్ గురించి మోడల్‌కి ట్రైనింగ్‌లోనే తెలుసు. డాక్స్ చెత్తగా ఉన్నా అది గుర్తున్నది రాసేస్తుంది, మనం డాక్స్‌కి మార్కులు వేసేస్తాం. క్లాసులో పుస్తకం తెరవని టాపర్‌ని చూసి పుస్తకం బాగుంది అన్నట్టు. అందుకే డాక్స్‌లో టూల్ పేరు, ఫ్లాగుల పేర్లు మార్చి కూడా ఒకసారి చూడండి. కొత్త పేర్లతో కూడా సరిగ్గా చెప్పిందంటే, అది డాక్స్ చదివి చెప్పింది.

ఇంకో జాగ్రత్త: డాక్స్ వెర్షన్, మీ దగ్గరున్న టూల్ వెర్షన్ ఒకటేనా చూడండి. వెబ్‌సైట్ లేటెస్ట్ వెర్షన్ గురించి మాట్లాడుతుంది, మీ ఉబుంటులో రెండేళ్ల కిందటిది ఉండొచ్చు. టూల్‌తోపాటే వచ్చే హెల్ప్ అవుట్‌పుట్ మీ వెర్షన్‌దే కాబట్టి, ఏజెంట్‌కి అది చదివించడం సేఫ్.

మార్కులు ఎలా వేయాలి?

ప్రతి ప్రశ్నకి నేను వేసే లెక్క ఇది. డాక్స్ చెప్పింది, రన్ చేస్తే నిజమైంది: 2. చెప్పింది కానీ లోపలి పేజీలో ఎక్కడో ఉంది: 1. అసలు ఏమీ చెప్పలేదు: 0. చెప్పింది, రన్ చేస్తే తప్పయింది: మైనస్ 2.

మైనస్ ఎందుకంటే, మౌనంగా ఉన్న డాక్స్ దగ్గర మంచి ఏజెంట్ ఇంకో రకంగా వెతికి చూసే అవకాశమైనా ఉంటుంది. తప్పు చెప్పిన డాక్స్ దగ్గర ఆ అవకాశం కూడా ఉండదు. స్పీడ్‌కి, డిజైన్‌కి, ఎన్ని ఫీచర్లు ఉన్నాయన్నదానికి ఇక్కడ మార్కులు లేవు.

డాక్స్ బాగోకపోతే మనమే రాసుకుందాం

మా యాప్‌కి నేను టూల్ మార్చలేదు. దాని వివరణ కింద, ప్రాజెక్ట్‌లోని ఏజెంట్స్ ఫైల్లో ఈ ఐదు వాక్యాలు చేర్చాను. మీ ప్రాజెక్ట్‌కి తగ్గట్టు మార్చుకుని వాడుకోండి.

‘ఈ సెర్చ్ అక్షరాలను యథాతథంగా పోలుస్తుంది, నార్మలైజ్ చేయదు. గిట్‌ఇగ్నోర్‌లో ఉన్నవి, హిడెన్ ఫైళ్లు చూడదు. 100 కంటే ఎక్కువ ఫలితాలుంటే మొదటి 100 మాత్రమే ఇస్తుంది. తెలుగు మాట వెతికి ఖాళీ వస్తే, కనిపించని జాయినర్ గుర్తుతో ఒకసారి, లేకుండా ఒకసారి, ఊరి ఐడీతో ఒకసారి వెతుకు. మూడూ ఖాళీ అయితేనే లేదని చెప్పు, కొత్త ఎంట్రీ రాసేముందు నన్ను అడుగు.’

అదే పని మళ్లీ ఇచ్చాను. మొదటి వెతుకులాటలో ఖాళీ వచ్చింది, రెండోదాంట్లో దొరికింది, ఉన్న ఎంట్రీలోనే టైమ్ మార్చింది. మోడల్ అదే, టూల్ అదే. మారింది ఐదు వాక్యాలే.

ఇంకో పని కూడా చేశాను. ఆ టూల్ తయారు చేసేవాళ్లకి ఆ వాక్యాల్లో టూల్‌కి సంబంధించిన మొదటి మూడింటిని డాక్స్‌లో కలపమని పుల్ రిక్వెస్ట్ పంపాను. ఇంకా మెర్జ్ కాలేదు. ఓపెన్ సోర్స్‌లోకి ఎలా అడుగుపెట్టాలని అడిగే బీటెక్ జూనియర్లకి నేను చెప్పేది ఇదే. పెద్ద ఫీచర్ రాయక్కర్లేదు. ఏడు ఉచ్చుల ఫోల్డర్ కట్టండి, డాక్స్ ఎక్కడ నోరు మెదపలేదో చూడండి, ఆ ఒక్క వాక్యం రాసి పంపండి.

ఫైనల్ వెర్డిక్ట్

కొత్త కోడ్ సెర్చ్ టూల్ చూసినప్పుడు ముందు ‘ఎంత ఫాస్ట్’ అని కాకుండా ‘నువ్వు ఏం చూడవు’ అని అడగండి. ఆ ప్రశ్నకి డాక్స్‌లో నేరుగా జవాబు దొరికితే ధైర్యంగా ఏజెంట్‌కి ఇవ్వండి. దొరకకపోతే మీరే పరీక్షించి, జవాబు రాసి, అప్పుడు ఇవ్వండి. రెండూ చేయకుండా ఇస్తే, ఏదో ఒక సాయంత్రం మీ ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ పట్టుకొచ్చి, మన ఊరు రెండుసార్లు ఎందుకు వచ్చిందని అడుగుతారు.